స్వగ్రామం గడిలో రెండు గీతలు

ఈ ఏడు మా వైపు అంగన్‌వాడీ సెంటర్లలో కొత్త టీచర్లు చేరారు. అందరూ డిగ్రీలు చదివినవాళ్లే. అందులో ఒకమ్మాయి మొన్న మా ఇంటికొచ్చి, "ఇన్నేండ్లు సెంటర్ నడిపిండ్రు గద మేడం, మాకు పనికొచ్చేది ఏమన్న రాసియ్యుండ్రి" అని అడిగింది. ఫోనులో పిల్లల వివరాలు ఎక్కించడం, ఏ ఫారం ఎవరికి పంపాలో చూసుకోవడం ఆమెకు నాకంటే బాగా వచ్చు. అవి రాయను. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. ఆ తప్పు మా పనిలో ఉన్నవాళ్లే చేయగలరు. మీరూ చేస్తారని నాకు భయం.

పలక

నేను బడికి పోయి చదువుకోలేదు. ఐదేళ్ల వయసులో కుడికాలు చచ్చుబడింది. మా ఊరు రావల్కోల్‌లో బడి అప్పుడు ఆ చివర ఉండేది. నాయిన పంచాయతీలో నీళ్లు వదిలే పని చేసేవాడు. పొద్దున్నే ట్యాంకు నింపి వచ్చి, నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని పలక మీద దిద్దించేవాడు. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. ఆ ఒక్క కాగితంతోనే ఊళ్లోనే నాకు అంగన్‌వాడీ వచ్చింది. అది దేవుడి దయ, నాయిన ఓపిక. రోజూ తాళం తీసేముందు సెంటర్ గడపకు దండం పెట్టుకునేదాన్ని. ఇప్పుడు పని లేకపోయినా ఆ దారిన పోతే చెయ్యి దానంతటదే లేస్తుంది.

నాయిన నాకు రెండు నేర్పాడు. ఒకటి, అక్షరం గుండ్రంగా రాయడం. రెండు, రాసినదాని కింద సంతకం పెట్టేముందు దాన్ని ఒకసారి పైకి చదవడం. "కండ్లతోని చదివితె తప్పు దాక్కుంటది బిడ్డా, నోటితోని చదివితె బయటపడ్తది" అనేవాడు. మొదటిది ఎప్పుడూ వదల్లేదు. రెండోది చాలా ఏళ్లు మరిచిపోయాను.

కడియాలు

నా మొదటి సూపర్‌వైజర్ పెద్దావిడ. కోపిష్టి. చేరిన కొత్తలో పిల్లల్ని బట్టలతో, కాళ్ల కడియాలతో సహా త్రాసుకు వేలాడదీసి బరువు రాసేదాన్ని. విప్పితే పిల్లలు ఏడుస్తారు, తల్లులు విసుక్కుంటారు. ఆమె ఒకరోజు వచ్చి, చంటిపిల్లను త్రాసులోంచి దింపి, కడియాలు తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు పిల్లను సాకుతున్నవా, కడియాలను సాకుతున్నవా?"

మళ్లీ తూచాం. నా రిజిస్టరులో బాగున్న పిల్ల నిజానికి ప్రమాదంలో ఉంది. ఆ రోజే ఆసుపత్రికి పంపాం, బతికింది. ఇప్పుడు ఆమెకే పిల్లలు. అప్పట్నుంచి నేను రాసిన ప్రతి బరువూ నిజమైన బరువే. ఆ ఒక్క విషయంలో ఎవరి ముందైనా తలెత్తుకుని నిలబడగలను. ఆ పెద్దావిడకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

తర్వాత వచ్చిన సూపర్‌వైజర్ మేడం కోస్తా నుంచి వచ్చి మేడ్చల్‌లో కొత్త కాలనీలో ఉండేవారు. మంచి మనిషి. మా జ్వరాలకు, మా పిల్లల పరీక్షలకు సెలవిచ్చేవారు. ఆమెకు ఒకటే పట్టింపు. "ఏ గడీ ఖాళీగా ఉండకూడదమ్మా. ఖాళీ కనపడితే పైవాళ్లు నన్ను తింటారు, నేను మిమ్మల్ని తింటాను" అని నవ్వుతూ అనేవారు. మేమూ నవ్వేవాళ్లం. తెలియనిచోట కూడా ఏదో ఒకటి రాసి పోయేవాళ్లం. కడియాల పాఠం బరువుల గడి దాటి నా బుర్రలోకి ఎక్కలేదు.

జొహురా

రావల్కోల్ చివర కోళ్లఫారాల దగ్గర రేకుల షెడ్లు ఉన్నాయి. పనివాళ్లు కుటుంబాలతో అక్కడే ఉంటారు. ఒక ఏడు సర్వేకు నేనూ మా ఆయా నర్సవ్వా పోయాం. నర్సవ్వ నాకంటే పెద్దది. నా కాలు చూసి ఎప్పుడూ నా అడుగుకు తన అడుగు కలిపి నడిచేది.

మొదటి షెడ్డులోవాళ్లు పశ్చిమ బెంగాల్, మాల్దా జిల్లా అన్నారు. ఊరితో సహా రాశాను. రెండో షెడ్డూ ఆ జిల్లానే. స్వగ్రామం గడిలో కింద రెండు చిన్న గీతలు పెట్టాను, 'పైన ఉన్నదే' అని అర్థం. మూడోదీ అంతే. నాలుగో షెడ్డు గుమ్మంలో ఒకామె గుడ్ల ట్రేలు కడుగుతోంది. ఏడోనెల కడుపుతో ఉంది. పేరు జొహురా. అప్పటికి తెలుగు రాదు. ఆమె హిందీకి నాకొచ్చిన ఉర్దూతో జవాబు చెప్పేదాన్ని.

"నీ ఊరేదమ్మా?"

"బర్మా."

"గదేడుంది?" అంది నర్సవ్వ.

జొహురా చేత్తో తూర్పుకు చూపించింది. అక్కడ ఇల్లు కాలిందనీ, నడిచి వచ్చామనీ, పడవ ఎక్కామనీ, తర్వాత చాలా రైళ్లనీ చెప్పింది. దాచింది ఏమీ లేదు. శరణార్థి అని ఉన్న ఒక కార్డు కూడా తీసి చూపించింది.

మా ఫారంలో రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు అని నాలుగే గడులు. దేశం గడి లేదు. మర్నాడే మేడ్చల్‌లో మీటింగు. నేను నవ్వి, "బర్మా అని రాస్తే మా మేడం నన్నే ఆడికి తోలుతది" అన్నాను. జొహురాకు అర్థమైందో లేదో, నేను నవ్వితే తనూ నవ్వింది. పైన మాల్దా ఉంది కదా, కింద రెండు గీతలు పెట్టేశాను.

ప్రసవం షెడ్డులోనే అయింది, అనుకున్నదానికంటే ముందే. ఇంటి ప్రసవాలకు జనన పత్రం రావాలంటే మేమిచ్చే కాగితమే ఆధారం. నేను రిజిస్టరు చూసి రాసిచ్చాను. పాపకు షమా అని పేరు పెట్టుకున్నారు. పుట్టిన ఊరు రావల్కోల్, తల్లిదండ్రుల స్వగ్రామం మాల్దా అని పత్రం వచ్చింది. జొహురా దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రేకుల సందులో దాచుకుంది. అందులో ఏముందో చదవడం ఆమెకు రాదు.

షమా రెండేళ్లప్పుడు తండ్రి జ్వరంతో పోయాడు. తల్లి కోళ్లఫారంలోనే పనిలో ఉండిపోయింది. పిల్ల రోజంతా మా సెంటర్లోనే.

సుగుణ అన్న మాట

మా ఊరి సుగుణ నాకు వరసకు మరదలు. ఆమె మనవడూ సెంటర్‌కు వచ్చేవాడు. ఒకరోజు పిల్లలకు గుడ్లు పెడుతుంటే గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏంది వదినె, గా బర్మోళ్ల పోరికి గుడ్డు గింత పెద్దది ఏసినవ్?"

"గుడ్లు నేను పెట్టినానె? కోడి ఎంత పెడితె గంత."

"నవ్వకు. మా కోడలు రేషన్ కార్డుకు ఎన్నిసార్లు తిరిగిందో నీకెరుకనా? ఈడ పుట్టి, ఈడ పెరిగినోళ్లం. మాకు దిక్కులేదు. వాళ్లు నిన్న వచ్చిండ్రు, ఇయ్యాల విస్తరి ముంగట కూసున్నరు."

"పోరి ఏం జేసింది సుగుణా?"

"పోరి ఏం జెయ్యలే. నేనేం జేసిన మరి?"

నర్సవ్వ లోపల్నుంచి, "ఆ గుడ్లు ఏరేదె వాళ్ల అమ్మ. ఇగ నువ్వు ఏరుకరా, నీకూ రెండేస్త" అంది. సుగుణ విసురుగా వెళ్లిపోయింది. మేము నవ్వుకున్నాం. కానీ 'నేనేం జేసిన మరి' అన్న మాట నా దగ్గర ఉండిపోయింది.

రిజిస్టరు పైకి చదివిన రోజు

షమాకు ఐదేళ్లు నిండబోతుండగా పోలీసులు షెడ్లలో అందరి కాగితాలూ చూశారు. జొహురా కార్డు మీద బర్మా ఉంది. పిల్ల పత్రం మీద మాల్దా ఉంది. ఆమెను స్టేషన్‌కు పిలిచి అక్కడే కూర్చోబెట్టారు. ఈ దేశపు మనిషినని చెప్పుకోవడానికి అబద్ధమాడి పత్రం తీసుకుందని అనుమానం. అదే నిజమైతే మోసం కేసు, జైలు. పిల్లకు ఇంకెవరూ లేరు కాబట్టి అనాథల హోముకు పంపాలి. మర్నాడు పదకొండుకల్లా అసలు రిజిస్టరు తెమ్మని నాకు కబురు.

నేను వెంటనే మేడం దగ్గరికి పోయాను. ఆమె తలుపు దగ్గరగా వేశారు.

"చూడమ్మా, ఆవిడ చెప్పింది, నువ్వు రాశావు. అంతే. అలా రాసిచ్చెయ్. నీకూ గొడవ లేదు, నాకూ లేదు."

"ఆమె అట్ల చెప్పలే మేడం. బర్మా అనే చెప్పింది."

"ఆ మాట అన్నావంటే నీ ఉద్యోగాన్ని నేను కాపాడలేను. నీకు ఇంకా ఏడేళ్ల సర్వీసుంది" అన్నారు మేడం. ఆమె నా మంచికే చెప్పారు. నాకు కోపం రాలేదు.

మధ్యాహ్నం సెంటర్‌కొచ్చి రిజిస్టరు తీశాను. నాయిన చెప్పింది ఎందుకో అప్పుడు గుర్తొచ్చింది. పైకి చదవడం మొదలుపెట్టాను. ఇంటి యజమాని పేరు, భార్య పేరు, స్వగ్రామం మాల్దా. తర్వాతి వరుస, మాల్దా. తర్వాతి వరుస, మాల్దా. "జొహురా" అని చదివి ఆగిపోయాను. ఆ రెండు గీతల దగ్గరికొచ్చాక నోటితో మాల్దా అనాలి. నోరు రాలేదు. కళ్లకు అవి ఉత్త గీతలు. నోటికి అబద్ధం.

కిందికి చూశాను. ఆ పేజీ చివరిదాకా గీతలే. బీహార్ నుంచి వచ్చినవాళ్లు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు, అందరినీ ఒక్క జిల్లాలో పుట్టించాను. ఇన్నేళ్లూ జొహురా మీద జాలితో రాశానని అనుకుంటూ వచ్చాను. బీహార్ వాళ్ల మీద ఏం జాలి? అది జాలి కాదు, మర్నాటి మీటింగుకు గడులు నింపే తొందర. ఈ మాట ఒప్పుకోవడం స్టేషన్‌లో ఒప్పుకున్నదానికంటే కష్టమైంది.

నర్సవ్వ షమాను ఒళ్లో వేసుకుని కూర్చుంది. "ఏం జేస్తవ్ టీచరమ్మా?" అని అడిగింది. "ఉన్నది చెప్త" అన్నాను. "నౌకరీ పోతె?" "పోతె పోయింది నర్సవ్వా. ఇచ్చినోడు దేవుడు." అన్నానే గానీ, ఆ సాయంత్రం కీసరగుట్ట స్వామికి ఎన్ని దండాలు పెట్టుకున్నానో లెక్కలేదు.

మర్నాడు నేనూ నర్సవ్వా షమాను తీసుకుని స్టేషన్‌కు వెళ్లాం. జొహురా బల్ల మీద కూర్చుని ఉంది. పిల్ల ఉరికి ఆమె కొంగులో దూరింది. సబ్‌ఇన్‌స్పెక్టర్ చిన్న వయసువాడు, మర్యాదస్థుడు. నాకు కుర్చీ వేయించాడు.

"ఈమె ఏం అడిగినా చెప్తలేదమ్మా. మాల్దా అని ఎవరు రాయించిండ్రంటే తల ఒంచుకుంటది."

"ఎవరూ రాయించలేదు సార్. నేనే రాసిన. ఆమె బర్మా అని చెప్పింది, కార్డు గూడ చూపించింది. మా ఫారంల గడి లేదు. పైనున్నదే కింద పెట్టిన. చూడుండ్రి, పేజీ మొత్తం గట్లనే ఉన్నది."

అతను పేజీ పైనుంచి కిందికి వేలు పెట్టి చూశాడు. "ఇది రాసిస్తే మీ మీదికొస్తది."

"రానీ బిడ్డా. నా మీదికి రావాల్సిందే అది."

రాశాను. సంతకం పెట్టేముందు పైకి చదివాను. అతను పేజీ ఫోటో తీయించుకుని, మోసం కేసు పెట్టే ఆధారం లేదన్నాడు. విదేశీయురాలిగా వివరాలు రాసుకుని పైకి పంపాలి, అది తప్పదన్నాడు. సాయంత్రానికి తల్లీపిల్లా షెడ్డుకు వెళ్లిపోయారు.

బయటికొచ్చాక జొహురాను అడిగాను. అప్పటికి ఆమెకు మన తెలుగు బాగా వచ్చేసింది. "ఎందుకు చెప్పలేదే, టీచర్ రాసిందని?"

"చెప్తె నీ నౌకరీ పోతది గద అక్కా. నీ నౌకరీ పోతె షమాను ఎవరు జూస్తరు?"

జైలుకు పోతానన్న భయంతో రెండు రోజులు కూర్చుని ఆ మనిషి ఆలోచించింది అది. నాకు చదువు చెప్పినవాళ్లలో ఈమెనూ లెక్కేసుకుంటాను.

నాకు మెమో వచ్చింది. ఆరు నెలలు కుత్బుల్లాపూర్ వైపు సెంటర్‌కు పంపారు. ఈ కాలుతో రెండు బస్సులు మారడం కష్టమైంది. ఉద్యోగం పోలేదు. మేడమే పైన మాట్లాడారని తర్వాత తెలిసింది. ఆమెకూ రుణపడి ఉన్నాను.

నేననుకునేది

ఆ తర్వాత చాలామంది నన్ను అడిగారు, ఇట్లా వచ్చినవాళ్లకు ఉండే హక్కు కాగితం మీద ఇవ్వాలా అని. నేను చట్టం చదవలేదు. చూసినంతలో చెప్తాను.

సరిహద్దు ఊరికే లేదు. ఎవరొచ్చారో, ఎక్కడున్నారో ప్రభుత్వం తెలుసుకోవాలి. మనుషుల్ని అడ్డదారిలో తెచ్చి అమ్ముకునేవాళ్లనూ నేరాలు చేసేవాళ్లనూ పట్టుకోవాలి. మా ఆయన అంటాడు, "ఒకరికిస్తె వందమంది వస్తరు" అని. వస్తారేమో. రారని నేను ప్రమాణం చేయలేను.

కానీ వచ్చి, ఏళ్ల తరబడి ఒక్కచోట ఉండి, పని చేసుకుని బతుకుతున్నవాళ్ల సంగతి వేరు. వాళ్ల చేతులు కోళ్లఫారానికి కావాలి, వాళ్లు ఏరిన గుడ్లు మనకు కావాలి, వాళ్ల పేరు మాత్రం ఎక్కడా వద్దు. అట్లాంటి మనిషిని విచారించి, తప్పు లేదని తేలితే, ఉండొచ్చని ఒక కాగితం ఇవ్వాలి. అందులో తన అసలు దేశం రాయాలి. వెంటనే ఓటు ఇమ్మని నేననను. ఉండనివ్వమంటాను, పిల్లను బడికి పోనివ్వమంటాను.

జాలితో అనడం లేదు. జాలి పేరుతో నేనేం చేశానో చెప్పాను కదా. కాగితం లేని మనిషి ఒక్కతే అబద్ధంలో ఉండదు. గది అద్దెకిచ్చేవాడు, పనిలో పెట్టుకునేవాడు, పత్రం రాసేవాడు, చివరికి పిల్లకు గుడ్డు పెట్టే నాలాంటిదీ తలా ఒక అబద్ధం మోయాలి. జొహురా మొదటిరోజే నిజం చెప్పింది. దాన్ని రాసుకోవడానికి మన దగ్గర గడి లేదు. తప్పు ఆమెది కాదు.

సుగుణ మాటకు వస్తే, ఆమె కోపం నిజమైనదే. ఆమె కోడలి కార్డు ఆగింది జొహురా వల్ల కాదు, కానీ ఆగడం మాత్రం నిజం. కుత్బుల్లాపూర్ నుంచి తిరిగొచ్చాక నేనే ఆ కోడలితో ఆఫీసుకు పోయి దరఖాస్తు రాసిచ్చి, వెంటపడ్డాను. కార్డు వచ్చింది. సుగుణ ఇప్పటికీ జొహురాను చూస్తే ముఖం తిప్పుకుంటుంది. ఒక కార్డుతో మనసులు మారిపోయాయని రాస్తే, అది ఇంకో రెండు గీతలవుతుంది.

బడి ఫారం

ఆరేళ్లు నిండితే పిల్లల పేరు మా రిజిస్టరులోంచి తీసేయాలి. అది రూలు. మిగతా పిల్లల పేరు ఇక్కడ పోతే ఇంకో పదిచోట్ల ఉంటుంది. షమా పేరు రోజూ రాసేది మా దగ్గరే. ఆమె పేరు మీద గీత గీసేముందు బడికి పోయి అడిగాను.

ఊరి బడిలో హెడ్‌మాస్టరు పిల్లను చేర్చుకుంటానన్నాడు. కానీ మా సెంటర్ నుంచి వివరాల ఫారం కావాలన్నాడు. ఆ జూన్‌లో ఊళ్లో బడికి పోయే పిల్లలందరికీ ఒకే పెద్ద కాగితం మీద వరుసగా నింపుతున్నాను. ముందు మా అన్న మనవరాలిది రాశాను. స్వగ్రామం, రావల్కోల్. దాని కింద షమా. తల్లిదండ్రుల దేశం అని ఇప్పుడు ఒక గడి వచ్చింది. అందులో బర్మా అని రాశాను. పక్కన పిల్ల స్వగ్రామం.

పెన్ను ఆపాను. జొహురా గుమ్మంలో నిలబడి ఉంది. షమా బల్ల పట్టుకుని మునివేళ్ల మీద లేచి కాగితంలోకి చూస్తోంది.

"నీ ఊరేది బిడ్డా?" అని అడిగాను. ఆమె తల్లిని అడిగినట్టే.

"గిదేంది టీచర్, నీకెరుక లేదా?" అని నవ్వింది. "రావల్కోల్."

అది పిల్ల చెప్పిన మాట. నేను కళ్లారా చూసిన మాట. పుట్టిన గంటకు తూచింది నేనే. చట్టం రేపు దీన్ని ఒప్పుకుంటుందో లేదో నాకు తెలియదు. జొహురాకు ఇప్పటికీ ఆ కార్డు తప్ప ఇంకో కాగితం లేదు. ఎవరైనా షెడ్ల వైపు వస్తే ఇప్పటికీ ఆమె చేతిలో ట్రే ఆగిపోతుంది.

పై వరుసలో ఆ మాటే ఉంది. కింద రెండు గీతలు పెడితే సరిపోయేది. పెట్టలేదు. నాయిన నేర్పినట్టు గుండ్రంగా అక్షరం అక్షరం రాసి, పైకి చదివి, సంతకం పెట్టాను.